34వ నంబరు పరుగు: టెక్మో సూపర్ బౌల్ ఎందుకు పాతబడలేదు

1991 జనవరి 13న లాస్ ఏంజెలెస్‌లో రెయిడర్స్, సిన్సినాటి బెంగాల్స్ జట్ల మధ్య అమెరికన్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ మ్యాచ్ జరిగింది. రెయిడర్స్ ఆటగాడు, 34వ నంబరు చొక్కా వేసుకున్న బో జాక్సన్ బంతి చంకలో పెట్టుకుని అంచు వెంబడి పరుగు తీశాడు. వెనక నుంచి ఒక డిఫెండర్ కాలు పట్టుకుని పడేశాడు. చూసేవాళ్లకు మామూలు టాకిల్‌లాగే కనిపించింది కానీ బో తుంటి కీలు దెబ్బతింది. ఆ తర్వాత అతను అమెరికన్ ఫుట్‌బాల్ మళ్లీ ఆడలేదు. నాలుగు సీజన్లు, 38 మ్యాచ్‌లు, 2,782 గజాల పరుగు. అతని ఫుట్‌బాల్ లెక్క అక్కడితో ఆగిపోయింది.

అదే ఏడాది డిసెంబర్‌లో నింటెండో ఎన్‌ఈఎస్ అనే టీవీ గేమ్ యంత్రం కోసం టెక్మో సూపర్ బౌల్ అనే గేమ్ అమెరికా దుకాణాల్లోకి వచ్చింది. అందులో బో జాక్సన్‌కి ఏమీ కాలేదు. బంతి చేతికొస్తే చాలు, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోతాడు. వెంటపడిన పదకొండు మందీ ఒకరి తర్వాత ఒకరు వెనకబడిపోతారు. ఇవాళ అమెరికాలో నలభై, యాభై ఏళ్ల మగవాళ్ల ముందు ఈ గేమ్ పేరెత్తితే మొదట వచ్చే మాట బో గురించే. మామూలుగా విమర్శకుడి కొలబద్ద తీసి చూస్తే ఇది లోపం. ఒక్క ఆటగాడు మిగతా అందరికంటే అంత బలంగా ఉంటే ఆ గేమ్‌లో సమతూకం లేదని రాస్తారు. కానీ ఆ లోపమే గేమ్‌కి పేరు తెచ్చింది. స్పోర్ట్స్ గేమ్‌లకు మార్కులు వేసే పద్ధతిలో ఎక్కడో తేడా ఉందని అనుమానం రావడానికి ఇదొక్కటి చాలు.

అమెరికన్ ఫుట్‌బాల్ మనలో చాలామందికి అర్థం కాని ఆట. పేరులో ఫుట్ ఉన్నా కాలితో తన్నేది తక్కువ. కబడ్డీ తెలిసినవాళ్లకు మాత్రం సులువుగానే పట్టుబడుతుంది. కబడ్డీలో రెయిడ్ రెయిడ్‌కీ ఆట ఆగి మళ్లీ మొదలైనట్టే, ఇక్కడ ‘ప్లే’ ప్లేకీ ఆట ఆగుతుంది. బంతి ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు వెళ్తే మరో నాలుగు దక్కుతాయి, లేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. ముందుకు వెళ్లడానికి ప్రధానంగా రెండే దారులు: బంతి పట్టుకుని పరిగెత్తడం, లేదా ముందున్న సహచరుడికి విసరడం. 100 గజాల మైదానం చివరికి చేరితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. టీవీలో చూసేవాడికి ఇది మనుషులు గుద్దుకోవడంలా కనిపిస్తుంది. ఆడేవాడికి మాత్రం ఇది అంచనాల ఆట. ఈసారి పరుగా, పాసా? అవతలివాడు ఏం అనుకుంటున్నాడు? మనం ఏం అనుకుంటున్నామని అతను అనుకుంటున్నాడు?

టెక్మో వాళ్లు పట్టుకున్నది ఈ అంచనాల ముడినే.

ఎనిమిదిలో ఒకటి

టెక్మో జపాన్ కంపెనీ. అమెరికన్ ఫుట్‌బాల్ జపాన్‌లో ఉన్నా బేస్‌బాల్ ముందు అది చాలా చిన్నది. 1987లో ఈ కంపెనీ పక్కపక్కన రెండు తెరలున్న పెద్ద ఆర్కేడ్ యంత్రంగా టెక్మో బౌల్ తెచ్చింది. 1989లో దాన్ని ఎన్‌ఈఎస్‌కి మార్చింది. ఆ మొదటి ఎన్‌ఈఎస్ గేమ్‌లో 12 జట్లే ఉండేవి, జట్టుకు తొమ్మిది మందే, ఎంచుకోవడానికి నాలుగే ప్లేలు, అంటే ముందే సిద్ధంగా ఉన్న ఎత్తుగడలు. 1991 నాటి సూపర్ బౌల్ ఆ పునాది మీద కట్టిన మేడ: 28 జట్లు, జట్టుకు మైదానంలో 11 మంది, ఎనిమిది ప్లేలు. నాలుగు పరుగువి, నాలుగు పాస్‌వి.

బంతి ఉన్నవాడు ఈ ఎనిమిదిలో ఒకటి రహస్యంగా ఎంచుకుంటాడు. లేనివాడు అవే ఎనిమిదిలోంచి అవతలివాడు ఏది ఎంచుకుని ఉంటాడో ఊహించి ఒకటి నొక్కుతాడు. ఊహ సరిగ్గా తగిలితే డిఫెన్స్ మొత్తం అడ్డుగోడలు దాటుకుని మీద పడిపోతుంది, ప్లే పుట్టకముందే చచ్చిపోతుంది. తగలకపోతే వేళ్ల నైపుణ్యంతో తేల్చుకోవాలి.

నియమం మొత్తం ఇంతే. పిల్లలు పిడికిట్లో చింతగింజలు దాచి సరా బేసా అని అడిగినంత సులువు. కానీ పది నిమిషాలు ఆడాక ఎదుటివాడి అలవాట్లు మనసులో పేరుకుంటాయి. మూడో ప్రయత్నంలో ఎనిమిది గజాలు కావాల్సి వచ్చినప్పుడల్లా వీడు ఒకే పాస్ వేస్తాడు. వెనకబడితే కంగారుపడి పైనున్న ప్లే నొక్కుతాడు. ఇది తెలిసిన ఎదుటివాడు కావాలనే పరుగు తీస్తాడు. పక్కపక్కన కూర్చుని ఒకే తెర చూస్తూ ఆడే ఇద్దరి మధ్య టెన్షన్ పుట్టేది ఇక్కడే. నిజమైన జట్ల ప్లేబుక్కుల్లో వందల ప్లేలుంటాయి. వాటిని ఎనిమిదికి కుదించడం వాస్తవానికి దూరం పోవడమే. అయితే ఆ కుదింపు వల్లనే అసలు ఆటలో కోచ్ పడే మానసిక పోరు పదేళ్ల పిల్లాడి చేతికి అందింది. అంచనా వేయాలంటే అవతలివాడి ముందున్న దారులు లెక్కపెట్టగలిగేలా ఉండాలి. వందల ప్లేలున్నచోట ఊహించడమంటే గుడ్డిగా రాయి విసరడమే.

డిఫెన్స్ ప్లేయర్ బంతి పట్టుకున్నవాణ్ని అందుకున్నాక కూడా కథ అయిపోదు. ఇద్దరూ పెనుగులాడతారు, ఎవరు బటన్ గబగబా నొక్కితే వాళ్లది పైచేయి. బొటనవేలు కాయలు కాసేలా నొక్కిన రోజులు చాలామందికి గుర్తుంటాయి. దీన్ని నైపుణ్యం అనాలా, మోటుతనం అనాలా అన్నది ఇష్టాన్ని బట్టి. కానీ గుద్దుకోవడమే ప్రాణమైన ఆటలో ఒళ్లు శ్రమపడాల్సిన చోటు ఒకటి ఉండటం తప్పేమీ అనిపించదు.

ఇరుకు యంత్రం, సినిమా మనసు

ఎన్‌ఈఎస్ యంత్రం చాలా చిన్నది. పని చేసుకోవడానికి దాని లోపల ఉన్న మెమరీ 2 కిలోబైట్లు. తెర మీద కదిలే బొమ్మ ముక్కలు ఒకేసారి 64 మించకూడదు, ఒకే అడ్డగీత మీద ఎనిమిది మించకూడదు. మించితే కొన్ని మాయమవుతాయి, లేదా మిణుకుమిణుకుమంటాయి. అలాంటి యంత్రం మీద 22 మందిని ఒకేసారి పరిగెత్తించడం మాటలు కాదు. గేమ్‌లో ఆటగాళ్ల బొమ్మలు గుంపుగా చేరినప్పుడు రెపరెపలాడేది అందుకే.

ఈ ఇరుకులో టెక్మో మరో తెలివైన పని చేసింది. ముఖ్యమైన ఘట్టం రాగానే మైదానం మాయమై తెర నిండా పెద్ద బొమ్మ వస్తుంది. గాల్లోకి ఎగిరి బంతి అందుకుంటున్న రిసీవర్, కిక్ కొడుతున్న కాలు, టచ్‌డౌన్ తర్వాత చేతులెత్తిన ఆటగాడు. ఇది అప్పటికప్పుడు పుట్టిన ఆలోచన కాదు. అదే కంపెనీ 1988లో ప్రసిద్ధ సాకర్ కామిక్ కథ ఆధారంగా కెప్టెన్ త్సుబాసా గేమ్ చేసింది, నింజా గైడెన్‌లో సినిమా దృశ్యాల్లాంటి బొమ్మలతో కథ నడిపింది. జపాన్ కామిక్ పుస్తకంలో కీలక క్షణానికి పేజీ మొత్తం ఇచ్చేస్తారు కదా, ఆ పద్ధతినే అమెరికన్ ఆటకు తగిలించారు. టీవీ ప్రసారం స్లో మోషన్‌తో చేసే పనిని ఇక్కడ రెండు మూడు బొమ్మలే చేసేశాయి. బంతి గాల్లో ఉన్నప్పుడు ఆ దృశ్యం మొదలవుతుంది, అది క్యాచా, అవతలివాడి చేతికి చిక్కిందా అన్నది దృశ్యం ముగిసేదాకా తెలియదు. ఊపిరి బిగబట్టాల్సిందే.

కాసెట్‌లో ఒక చిన్న బ్యాటరీ ఉండేది, సేవ్ చేసింది పోకుండా. ఆ బ్యాటరీ వల్లే ఈ గేమ్ తన కాలం కంటే ముందుకు వెళ్లింది. 1991 అసలు షెడ్యూలు ప్రకారం 16 మ్యాచ్‌ల పూర్తి సీజన్, ఆ తర్వాత ప్లేఆఫ్‌లు, చివరికి సూపర్ బౌల్ అనే ఫైనల్. ఎవరెన్ని గజాలు పరిగెత్తారు, ఎవరెన్ని క్యాచ్‌లు పట్టారు అన్నది 28 జట్లకూ లెక్క రాసి పెడుతుంది. జట్టుకు 30 మంది చొప్పున మొత్తం 840 మంది. ఆటగాళ్లకు గాయాలవుతాయి, ఫామ్ పెరుగుతుంది, పడిపోతుంది. 28 జట్లలో దేన్నయినా మనిషి ఆడొచ్చు, కోచ్‌లా ప్లేలు మాత్రం చెప్పి చూస్తూ కూర్చోవచ్చు, కంప్యూటర్‌కి వదిలేయవచ్చు. క్రికెట్ స్కోర్లు నోటుపుస్తకంలో రాసుకునే రకం పిల్లలుంటారు. అమెరికాలో ఆ రకం పిల్లలకు ఈ గేమ్ పండగే అయింది.

పేరు లేని క్వార్టర్‌బ్యాక్‌లు

అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్‌లో నిజమైన పేర్లు పెట్టాలంటే రెండు అనుమతులు కావాలి. జట్ల పేర్లు, గుర్తులు లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ చేతిలో ఉంటాయి. ఆటగాళ్ల పేర్లు వాళ్ల సంఘం చేతిలో ఉంటాయి. 1989 టెక్మో బౌల్‌కి రెండోదే దొరికింది, అందుకే అందులో ఆటగాళ్ల పేర్లు నిజమైనవి, జట్లకు మాత్రం ఊళ్ల పేర్లే. 1991 నాటికి రెండు అనుమతులూ వచ్చాయి. ఒకే ఎన్‌ఎఫ్‌ఎల్ గేమ్‌లో అసలు జట్లు, అసలు ఆటగాళ్లు కలిసి కనిపించడం అదే మొదలు. పోటీ గేమ్ జాన్ మాడెన్ ఫుట్‌బాల్ చేతిలో అప్పటికి ఈ రెండూ లేవు. లీగ్ అనుమతి దానికి ’94 గేమ్‌తోనూ, ఆటగాళ్ల పేర్లు ’95 గేమ్‌తోనూ వచ్చాయి.

రెండు అనుమతులు ఉన్నా ఒక చిల్లు మిగిలింది. క్వార్టర్‌బ్యాక్, పొట్టిగా క్యూబీ, అంటే బంతి విసిరి జట్టును నడిపించే ఆటగాడు. కొందరు పేరున్న క్వార్టర్‌బ్యాక్‌లు తమ పేర్ల వ్యాపార హక్కులను సంఘంతో కాకుండా విడిగా చూసుకునేవాళ్లు. వాళ్ల పేర్లు వాడే వీలు టెక్మోకు లేకపోయింది. దాంతో ఫిలడెల్ఫియా జట్టులో రాండల్ కన్నింగ్‌హామ్ ఉండాల్సిన చోట ‘క్యూబీ ఈగిల్స్’ అన్న రాత కనిపిస్తుంది. బఫలోలో జిమ్ కెల్లీ ‘క్యూబీ బిల్స్’ అయ్యాడు, క్లీవ్‌లాండ్‌లో బర్నీ కోజార్ ‘క్యూబీ బ్రౌన్స్’ అయ్యాడు. పేరు పోయినా బలం పోలేదు. పరిగెత్తగల క్వార్టర్‌బ్యాక్ కావడంతో ‘క్యూబీ ఈగిల్స్’ గేమ్‌లో హడలెత్తించే ఆటగాళ్లలో ఒకడు. ఒప్పంద పత్రాల్లో జరిగిన ఒక లెక్క తేడా పాత్రగా మారిపోయింది. ఆ తరం అభిమానులు కన్నింగ్‌హామ్‌ని ఇప్పటికీ సరదాగా ఆ పేరుతోనే పిలుస్తారు.

టీవీకి ఎంత దగ్గర?

1991 చివర్లో ఈ గేమ్ విమర్శకుల ముందుకు వచ్చిన సమయం దానికి అనుకూలం కాదు. నింటెండో కొత్త యంత్రం, 16 బిట్ల సూపర్ ఎన్‌ఈఎస్, అమెరికాలో ఆగస్టులోనే అమ్మకానికి వచ్చింది. సెగా జెనెసిస్ అంతకు రెండేళ్ల ముందే ఉంది. 1990లో జెనెసిస్ మీద వచ్చిన మాడెన్ మైదానాన్ని వెనక నుంచి, పైనుంచి వాలుగా చూపించింది. ఆటగాడు కాస్త పెద్దగా, గడ్డి కాస్త నిజంగా కనిపించేది. దాని పక్కన ఎన్‌ఈఎస్ బొమ్మలు పక్కనుంచి చూపించిన రంగు చుక్కల్లా ఉండేవి.

ఆనాటి గేమ్ పత్రికలు మార్కులు వేసే తీరు కూడా దీనికి తోడైంది. గేమ్‌ప్రో గ్రాఫిక్స్, శబ్దం, కంట్రోల్, సరదా అంటూ విడివిడి గడుల్లో అంకెలు పెట్టేది. ఎలక్ట్రానిక్ గేమింగ్ మంత్లీలో నలుగురు సమీక్షకులు తలా ఒక అంకె పదికి ఇచ్చేవారు. గడులు గీసి మార్కులు వేసినప్పుడు ఏదైనా ఒక గడిలో కొత్త యంత్రం పాతదాన్ని కొట్టేస్తుంది. అంచనాల పోరుకు గడి లేదు. పక్కన కూర్చున్న తమ్ముడి ముఖం చూసి వాడు ఏ ప్లే నొక్కబోతున్నాడో పసిగట్టడానికి అసలే లేదు. గేమ్ కవర్ మీద కొత్త ఫీచర్ల పట్టిక ఉంటుంది, ఆ పట్టికకు ఎదురుగా టిక్కు పెట్టడం సమీక్షకుడికి తేలిక.

వాస్తవికత అన్న కొలబద్ద మాత్రం మాడెన్ కథలోనే పుట్టిందనాలి. విమానమంటే భయమున్న మాజీ కోచ్, టీవీ వ్యాఖ్యాత జాన్ మాడెన్ ఎటు వెళ్లినా రైల్లోనో బస్సులోనో వెళ్లేవారు. 1984లో ఒక రైలు ప్రయాణంలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ స్థాపకుడు ట్రిప్ హాకిన్స్ ఆయన్ను కలిసి గేమ్ గురించి మాట్లాడాడు. కంప్యూటర్ శక్తి చాలదు కాబట్టి జట్టుకు ఏడుగురితో సరిపెడదామన్నది కంపెనీ ఆలోచన. పదకొండు మంది లేకపోతే అది ఫుట్‌బాలే కాదని మాడెన్ పట్టుబట్టారు. ఆ పట్టుదల వల్ల గేమ్ 1988 దాకా బయటకు రాలేదు. అప్పటి నుంచి ఆ సిరీస్ లక్ష్యం ఒకటే: ఆదివారం టీవీలో కనిపించే ఆటను యథాతథంగా తెర మీదకు తేవడం. మాడెన్ గెలిచింది కాబట్టి విమర్శకుల కొలబద్ద కూడా అదే అయింది. ప్రతి కొత్త స్పోర్ట్స్ గేమ్‌ని ‘టీవీకి ఎంత దగ్గర?’ అని అడగడం అలవాటైపోయింది.

ఈ ప్రశ్నలో ఒక చిక్కుంది. టీవీకి దగ్గరవ్వడానికి అంతులేదు, వచ్చే ఏడాది యంత్రం ఇంకా దగ్గర చేస్తుంది. కాబట్టి ఈ కొలతతో మెప్పు పొందిన ప్రతి గేమ్ మరుసటి ఏడాదికే పాతబడిపోతుంది. నిన్నటి మాడెన్ గేములు పాత సామాన్ల కొట్టులో నామమాత్రపు ధరకు కుప్పలుగా పడి ఉండటానికి కారణం అవి చెడ్డవి కావడం కాదు. వాటిని మెచ్చుకున్న కారణానికే గడువు తీరిపోయింది. 1990 నాటి మాడెన్ ఆ రోజుల్లో నిజంగా గొప్ప పని. కానీ ఇవాళ దాన్ని చరిత్ర తెలుసుకోవడానికి ఆడతారు తప్ప సాయంత్రం స్నేహితులొచ్చినప్పుడు ఆడరు.

టెక్మో సూపర్ బౌల్‌కి పేరు పెరిగింది తర్వాతి కాలంలో. అన్ని కాలాల ఉత్తమ స్పోర్ట్స్ గేమ్‌ల జాబితా ఎవరు రాసినా ఇది పై వరసలో ఉండటం మామూలైంది. పాత జ్ఞాపకాల మోజు అని కొట్టిపారేయడం తేలికే, అందులో కొంత నిజం కూడా ఉంది. పన్నెండేళ్ల వయసులో ఆడిన ఏ గేమైనా తర్వాత తియ్యగానే ఉంటుంది. కానీ మోజు ఒక్కటే కారణమైతే ఆ రోజుల్లో ఆడిన అన్ని ఫుట్‌బాల్ గేమ్‌లకూ ఇదే గౌరవం దక్కాలి. దక్కలేదు. అదే కంపెనీ 1993లో సూపర్ ఎన్‌ఈఎస్, జెనెసిస్‌ల కోసం పెద్ద బొమ్మలతో, మూడు సీజన్ల జట్లతో ఇదే గేమ్‌ని మళ్లీ చేసింది. తర్వాత మరో రెండు భాగాలు తెచ్చింది. కాగితం మీద అవన్నీ మెరుగైనవే. అయినా మనుషులు తిరిగి వెళ్లేది 1991 నాటి ఆ ఇరుకు గేమ్ దగ్గరికే.

లోపాలు సర్దుకున్న తీరు

గేమ్‌లో దొసగులు లేకపోలేదు. సీజన్‌లో మ్యాచ్‌లు గెలిచే కొద్దీ కంప్యూటర్ జట్లకు ఎక్కడలేని బలం వస్తుంది. నిన్న కుంటుతూ నడిచినవాడు ఇవాళ గాల్లో తేలుతూ మీద పడతాడు. అభిమానులు దీనికి ‘జ్యూస్’ అని పేరు పెట్టుకున్నారు. గేమ్ ఎక్కడా ఈ సంగతి చెప్పదు, ఆడేవాడు తనకే ఆట రావడం లేదేమోనని తల పట్టుకోవాలి. ఇది మోసమే. ఒంటరిగా ఆడేవాడి పట్ల ఈ గేమ్ నిజాయితీగా లేదన్న విమర్శకు జవాబు లేదు. డిఫెన్స్ వైపు మధ్యలో నిలబడే ఆటగాణ్ని తీసుకుని బంతి కదలగానే ముందుకు దూకి క్వార్టర్‌బ్యాక్‌ని పడేసే చిట్కా ఒకటుంది. అది తెలిసినవాడితో ఆడటం పెద్ద చిరాకు.

బో జాక్సన్ సంగతి వేరు. అతని వేగం ముందు ఎవరూ ఆగరు. బంతి పట్టుకుని కావాలనే వెనక్కి పరిగెత్తి, మైదానం ఆ మూల నుంచి ఈ మూలకు తిప్పి, గడియారంలో సమయం కరిగించి అప్పుడు టచ్‌డౌన్ చేయడం ఒక వినోదమైపోయింది. ఆ వినోదానికి అసలు జీవితంలో ఆధారం ఉంది. 1987 నవంబర్‌లో సియాటిల్ మీద ఒక్క మ్యాచ్‌లో బో 221 గజాలు పరిగెత్తాడు. అందులో ఒకటి 91 గజాల పరుగు. గీత దాటాక కూడా ఆగకుండా స్టేడియం సొరంగంలోకి దూసుకుపోయాడు. గేమ్ అంకెల్లో చూస్తే అతిశయోక్తి, జ్ఞాపకంలో చూస్తే సరిగ్గా అలాగే. కాన్సస్ సిటీ చీఫ్స్ ఆటగాడు క్రిస్టియన్ ఒకోయే కూడా అంతే. నైజీరియాలో పుట్టిన ఆ భారీ మనిషి గేమ్‌లో మీద పడ్డవాళ్లను విదిలించుకుంటూ పోతాడు, నిజంగానూ అలాగే పోయేవాడు. టెక్మో గ్రహించిన వాస్తవికత ఇది. సగటు లెక్కల వాస్తవం వదిలేసి, ప్రేక్షకుడు ఇంటికి వెళ్తూ చెప్పుకునే వాస్తవం పట్టుకుంది. మనవాళ్లు 1998 షార్జా ఇన్నింగ్స్‌లో సచిన్‌ని ఎంత పెద్దగా చెప్పుకుంటారో, ఆ కొలతలో తీసిన బొమ్మ.

సమతూకం లేకపోతే ఏం చేశారు? ఆడేవాళ్లే నియమాలు పెట్టుకున్నారు. ‘మా ఇంట్లో రెయిడర్స్ తీసుకోకూడదు’ అన్నది అమెరికా ఇళ్లల్లో అలిఖిత చట్టం. గల్లీ క్రికెట్‌లో ‘గోడ దాటితే ఔట్’ అని పెట్టుకున్నట్టే. ఇలాంటి ఇంటి నియమాలు పుట్టిన గేమ్‌ని జనం సొంతం చేసుకున్నట్టే లెక్క. ఇవాళ ఇంటర్నెట్ ద్వారా కంపెనీలు ప్రతివారం ఆటగాళ్ల అంకెలు సరిచేస్తుంటాయి. అలాంటి సౌకర్యం అప్పుడే ఉండి ఉంటే ఫిర్యాదులు విని టెక్మో బో వేగాన్ని రెండు వారాల్లో తగ్గించి ఉండేది, ఈ వ్యాసానికి విషయం ఉండేది కాదు.

ఖాళీ అయిన మైదానం

2004 డిసెంబర్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఎన్‌ఎఫ్‌ఎల్‌తోనూ ఆటగాళ్ల సంఘంతోనూ ప్రత్యేక ఒప్పందాలు చేసుకుంది. అంతకు కొన్ని నెలల ముందే పోటీ కంపెనీ ఈఎస్‌పీఎన్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2కె5 అనే గేమ్‌ని కేవలం 19.99 డాలర్లకు అమ్మి మాడెన్‌కి చెమటలు పట్టించింది. ఒప్పందం తర్వాత అసలు జట్లతో, అసలు ఆటను అనుకరించే గట్టి సిమ్యులేషన్ గేమ్ చేసే దారి మిగతావాళ్లకు మూసుకుపోయింది. పోటీ లేని చోట విమర్శ కూడా చిత్రంగా తయారవుతుంది. పోల్చడానికి పక్కన ఇంకొకటి లేదు కాబట్టి ఈ ఏడాది మాడెన్‌ని పోయినేటి మాడెన్‌తోనే పోల్చాలి. ‘జట్ల జాబితా మార్చి మళ్లీ అమ్ముతున్నారు’ అన్న ఫిర్యాదు ఏటేటా వినిపించేది అందుకే. టెక్మో సూపర్ బౌల్ మీద గౌరవం పెరగడంలో ఈ విసుగుకూ వాటా ఉంది.

ఇక్కడ అభిమానుల సంగతి చెప్పాలి. కొత్త సీజన్ మొదలయ్యేసరికి వాళ్లు 1991 గేమ్ కోడ్‌ని విప్పి, కొత్త ఆటగాళ్ల పేర్లు, జట్లు, షెడ్యూలు ఎక్కించి మళ్లీ తయారు చేసుకుంటారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరంలో ఏటా టోర్నమెంట్ జరుగుతుంది. అక్కడ పాత యంత్రాలు, పాత పెట్టె టీవీల ముందు మనుషులు పక్కపక్కన కూర్చుని ఆడతారు. కంపెనీ ఏటా జట్ల జాబితా మార్చి అమ్మితే తిట్టేవాళ్లే ఇక్కడ తమ చేత్తో ఆ పనే చేసుకుంటున్నారు. అడుగున ఉన్న ఆట నచ్చినప్పుడు జాబితా మారితే చాలు అనిపిస్తుంది కాబోలు.

మన దేశంలో ఈ గేమ్ జాడ దాదాపు లేదు. 90ల్లో తెలుగు ఇళ్లల్లో ‘టీవీ గేమ్’ అని పిలిచిన యంత్రాలు ఎక్కువగా ఈ నింటెండో యంత్రానికి నకళ్లే. కాసెట్ ఊది పెట్టి ఆడిన కాంట్రా, మారియో, బాతుల్ని కాల్చే ఆట అవే. అంటే ఆడే యంత్రం మనకూ వాళ్లకూ ఒకటే, కాకపోతే ఈ కాసెట్‌ని మనవైపు అడిగేవాళ్లు లేరు. నియమాలు తెలియని ఆటను ఎవరు అడుగుతారు? డల్లాస్ లాంటి చోట్ల పెరుగుతున్న తెలుగు పిల్లలకు ఎన్‌ఎఫ్‌ఎల్ ఇప్పుడు ఇంటి సంగతే కానీ, వాళ్లకు చేతికొచ్చిన రెట్రో గేమ్ వేరు.

ఆ గేమ్ రెట్రో బౌల్. న్యూ స్టార్ గేమ్స్ అనే బ్రిటిష్ కంపెనీ 2020లో ఫోన్ల కోసం తెచ్చింది. చూడ్డానికి టెక్మో మనవడిలా ఉంటుంది: చిన్న బొమ్మలు, పక్కనుంచి కనిపించే మైదానం, టింగుటింగుమనే శబ్దాలు. 2021 చివర్లో టిక్‌టాక్ వీడియోల పుణ్యమా అని అమెరికాలో యాప్ స్టోర్ జాబితా పైకి ఎగబాకింది. తర్వాత లీగ్ అనుమతితో ఆపిల్ కంపెనీ గేమ్‌ల చందా సేవ ఆపిల్ ఆర్కేడ్‌లోకీ వచ్చింది. పోలిక అందరూ చెప్పేదే కానీ పైపైదే. రెట్రో బౌల్‌లో మనం డిఫెన్స్ ఆడనే ఆడం, అది దానంతటదే జరిగిపోయి ఫలితం కనిపిస్తుంది. ఊహించాల్సిన మనిషి ఎదురుగా లేడు. వేలితో పాస్ గురి చూసుకోవడం, ఆటగాళ్ల అలకలు తీర్చడం, జీతాల పరిమితిలో జట్టు కట్టడం, ఇవీ దాని ప్రాణం. అదే కంపెనీ అంతకుముందు చేసిన న్యూ స్టార్ సాకర్ వంశం అది. బస్సులో ఒంటరిగా పది నిమిషాలు ఆడటానికి చక్కగా సరిపోతుంది. టెక్మో నుంచి అది తీసుకున్నది చొక్కా మాత్రమే.

మొదటి గేమ్ టెక్మో బౌల్‌ని 2007లో నింటెండో వీ యంత్రం మీద డౌన్‌లోడ్‌గా మళ్లీ విడుదల చేశారు. 2016లో వచ్చిన చిన్న ఎన్‌ఈఎస్ క్లాసిక్ పెట్టెలోనూ అది ఉంది. పాత అనుమతుల గడువు ఎప్పుడో తీరిపోవడంతో ఆటగాళ్ల పేర్లన్నీ తీసేసి, నంబర్లు మిగిల్చారు. లాస్ ఏంజెలెస్ జట్టు తీసుకుంటే బంతి అందుకునేవాడి పేరు ఉండాల్సిన చోట 34 అని ఉంటుంది. అతను పరుగు మొదలుపెట్టగానే, ఎప్పటిలాగే, అవతలి రిమోట్ పట్టుకున్నవాడు ఇది అన్యాయం అంటాడు.